పచ్చి ఎముక నమిలితే కుక్క పళ్ల గార పోతుందా?

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. పాలకొల్లులో మీ ఇంట్లో ఆరేళ్ల స్పిట్జ్ ఉంది, తొమ్మిది కిలోల బరువు. ఆర్నెల్లుగా నోరు కంపు కొడుతోంది. వెనక దవడ పళ్ల మీద పసుపు ముదిరి గోధుమరంగు గార కట్టింది. మీ అత్తగారు పొద్దున పెరుగన్నం, రాత్రి చికెన్ కూర పులుసు కలిపిన అన్నం పెడతారు. మీ తమ్ముడేమో అన్నం తినబట్టే ఇలా అయిందనీ, పచ్చి కోడి మెడలు, ఎముకలు పడేస్తే పళ్లు వాటంతటవే తెల్లబడతాయనీ అంటున్నాడు. మత్తు ఇచ్చి క్లీనింగ్ అంటే మీకు భయం.

నేరుగా సమాధానం. పచ్చి మాంసానికి మార్చకండి. ఒకసారి కట్టిన గార ఏ తిండికీ పూర్తిగా ఊడదు. దాన్ని మత్తులో తీయించాలి, ఆ తర్వాత రోజూ బ్రష్ చేయాలి. తిండి సంగతి వేరు. ఇంట్లో వండి పెట్టుకోవచ్చు, కానీ ఇప్పుడు పెడుతున్న పద్ధతిలో కాదు. కూర పులుసు మాత్రం ఈ రాత్రికే ఆపేయండి. పెరుగన్నం గురించి చివర్లో చెబుతాను, మీ అత్తగారిని అప్పుడే నొప్పించకండి.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతి కాలేజీలో చదివి, ఇరవై ఏళ్లకు పైగా ఈ డెల్టాలోనే ప్రాక్టీసు. మొదట్లో అన్నీ గేదెలూ ఆవులే, కుక్కను తెచ్చేవాళ్లు వారానికి ఒకరో ఇద్దరో. ఇప్పుడు సాయంత్రం వచ్చేవాటిలో సగం కుక్కలే. ఏ జబ్బుతో వచ్చినా నేను పెదవి పైకెత్తి చూస్తాను. మూడేళ్లు దాటినవాటిలో చాలావాటికి ఎంతోకొంత చిగుళ్ల జబ్బు ఉంటుంది. మీ స్పిట్జ్ లాంటి చిన్న కుక్కలకు మరీను. ఇరుకు దవడలో పళ్లన్నీ సర్దుకోవాలి కదా, సందుల్లో పాచి ఇరుక్కుపోతుంది. పాలపళ్లు ఊడకుండా పక్కనే కొత్త కోరపళ్లు మొలిచిన కేసులూ వీటిలోనే ఎక్కువ.

చూపించగానే యజమాని అనే మొదటి మాట "బాగానే తింటోందండీ" అని. కుక్క పన్ను నొప్పికి తిండి మానదు. ఒక పక్క నమలడం మానేసి రెండో పక్కకి మార్చుకుంటుంది, లేకపోతే నమలకుండానే మింగేస్తుంది. మనిషైతే తెల్లారేసరికి డాక్టరు దగ్గర కూర్చుంటాడు, ఇది నెలల తరబడి తోక ఊపుతూనే ఉంటుంది.

పాచి వేరు, గార వేరు

కుక్కకు 42 పళ్లు, మనకంటే పది ఎక్కువ. తిన్న కొన్ని గంటల్లోనే పళ్ల మీద మెత్తటి పొర పడుతుంది. అదే పాచి. వేలికి గుడ్డ చుట్టి తుడిచినా పోతుంది. తుడవకపోతే రెండు మూడు రోజుల్లో లాలాజలంలోని ఖనిజాలు పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. అది గార. కుక్క లాలాజలానికి మనదానికంటే క్షారగుణం ఎక్కువ. అందుకే కుక్కలకు పిప్పి పళ్లు అరుదు, గార మాత్రం తొందరగా కడుతుంది. పై దవడలో వెనక్కి, అన్నిటికంటే పెద్దగా కనిపించే పన్ను ఉంటుంది చూడండి, సరిగ్గా దానికెదురుగా బుగ్గ లోపల లాలాజలం గొట్టం తెరుచుకుంటుంది. గార మొదట అక్కడే దట్టంగా కడుతుంది. మీరు పంపిన ఫొటోలో ఉన్నదీ ఆ పన్నే.

కంటికి కనిపించే గార నిజానికి పెద్ద ప్రమాదం కాదు. అసలు పని చిగురు కిందికి దిగిన బ్యాక్టీరియాది. అది పంటిని పట్టుకున్న ఎముకను లోపల్లోపల కరిగించేస్తుంది. పైన గార గీకేసి తెల్లగా చేసి పంపితే యజమాని సంతోషంగా వెళ్తాడు, జబ్బు మాత్రం చిగురు కింద అలాగే ఉంటుంది. మత్తు ఇవ్వకుండా గీకడాన్ని నేను అందుకే ఒప్పుకోను. మెలకువలో ఉన్న కుక్క చిగురు కిందికి ఇనప పనిముట్టు దించనిస్తుందా? మీరే ఊహించుకోండి.

ఎముక నమిలితే గార తగ్గదా అంటే, కొంత తగ్గుతుంది. మీ తమ్ముడిది పూర్తిగా గాలిమాట కాదు. బీగిల్ కుక్కలకు పచ్చి పశువు ఎముకలిచ్చి చూసిన ప్రయోగంలో కొద్ది రోజుల్లోనే గార బాగా తగ్గింది. అయితే అక్కడ చూసింది పైకి కనిపించే గారనే. ఆఫ్రికా అడవికుక్కల పుర్రెలు పరిశీలించినవాళ్లకు మరో సంగతి కనిపించింది. జీవితమంతా వేటాడి ఎముకలు కొరికిన జంతువులవి. పళ్లు అరిగిపోయి ఉన్నాయి, విరిగి ఉన్నాయి, చిగుళ్ల జబ్బు గుర్తులూ ఉన్నాయి. ప్రకృతిలో ఉన్నవాటికి పళ్ల జబ్బులు రావన్నది మనం చెప్పుకునే కథ.

నా చేతుల మీదుగా జరిగిన రెండు సంగతులు చెబుతాను. ఒకదాంట్లో తప్పు నాదే.

రాజోలు వైపు నుంచి ఒక నాటు మగ కుక్క. కుడి కన్ను కింద వాపు. కందిరీగ కుట్టిందేమో అన్నారు, నేనూ అలాగే అనుకుని యాంటీబయాటిక్ రాశాను. తగ్గింది. నెలన్నరకి మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాను, మళ్లీ తగ్గింది. మూడోసారి వాపు పగిలి కంటి కింద నుంచి చీము కారుతుంటే అప్పుడు బుద్ధొచ్చి పెదవి ఎత్తాను. పైన చెప్పిన ఆ పెద్ద పన్ను బయటి పక్క పలక లేచిపోయినట్టు నిలువునా చీలి ఉంది. లోపల గులాబీ రంగు చుక్క, అంటే పంటి జీవం బయటపడింది. అక్కడ నుంచి వేరులోకి చీము, వేరు మీద నుంచి కంటి కిందికి. రోజూ ఏం నములుతుందని అడిగితే గేదె కాలి ఎముక అన్నారు, పెరట్లో దాని సొత్తట. పన్ను పీకించాక వాపు మళ్లీ రాలేదు. ఏ కుక్క వచ్చినా ముందు పెదవి ఎత్తే అలవాటు నాకు ఆ కేసుతోనే వచ్చింది.

రెండోది సంక్రాంతి కేసు. మన వైపు కనుమ వెళ్లిన వారం నాకు ఎముకల వారమే. కోస మాంసం (పందెంలో ఓడిన పుంజుది), మటన్, చుట్టాలు, విస్తట్లో మిగిలినవి అన్నీ కుక్కకే. మలం సుద్దముక్కల్లా గట్టిపడి ముక్కుతూ కూర్చునేవి, ఉడికిన ఎముక పెచ్చు అంగిట్లో అడ్డంగా ఇరుక్కుని నోరు మూయలేనివి, కొవ్వు తిని క్లోమం వాచి వాంతులతో పడిపోయినవి. ఒకసారి నరసాపురం దగ్గర నుంచి ఒక కుక్కను గోనెసంచిలో చుట్టి తెచ్చారు. చొంగ కారుస్తోంది, నోరు మూతపడటం లేదు, తల నేలకేసి రుద్దుతోంది. "పిచ్చెక్కిందండీ, సూది వేసేయండి" అన్నారు. టీకా కార్డు ఉందా అని అడిగాను. ఉంది, ఆ ఏడాది వేయించిందే. చేతులకు గ్లౌజులు వేసుకుని, మత్తు సూది ఇచ్చి, టార్చి కొట్టి చూస్తే కింది దవడకు ఉంగరం! మటన్ నల్లి బొమిక ముక్క. లోపలి మూలుగ నాకుతూ నాకుతూ కింది దవడ దూర్చేసింది. ఉంగరం కోరపళ్లు దాటి వెనక్కి జారింది, ఇక ముందుకి రాదు. పక్క హార్డ్‌వేర్ షాపు నుంచి హాక్సా బ్లేడు తెప్పించి, నాలుక మీద చెంచా అడ్డంపెట్టి పావుగంట కోశాను. టప్పుమని రెండు ముక్కలైంది. ఆ ముక్కలు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉన్నాయి, మీ తమ్ముడి లాంటివాళ్లు వస్తే చూపిస్తుంటాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉన్న కుక్క నోట్లో మీరు చెయ్యి పెట్టకండి. రేబిస్‌లో పక్షవాతం రకం అచ్చం ఇలాగే ఉంటుంది. టీకా వేయించిన చరిత్ర తెలియని కుక్క అయితే మరీ జాగ్రత్త. ఎముక అనుకుని వేళ్లు పెట్టినవాళ్లు తర్వాత సూదుల కోసం పరిగెత్తాల్సి వస్తుంది.

ఎముక ఉడికితే పెళుసై సూదుల్లా చీలుతుంది, అది అందరికీ తెలుసు. పచ్చిది అంతగా చీలదు, నిజమే. కానీ పన్ను విరగ్గొట్టడానికి పచ్చిదీ చాలు. నమలడానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే నా కొలత ఒకటే. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే నొక్కు పడాలి. పడకపోతే అది మీ కుక్క పంటికంటే గట్టిది. కొమ్ములు, గిట్టలు, బొమికలు అన్నీ ఈ పరీక్షలో పోతాయి. కోనసీమ కుక్కలకు ఇంకో పిచ్చి, కొబ్బరి డొక్కలు. పీచు చిగుళ్ల సందుల్లో దారంలా దిగబడి అక్కడే కుళ్లుతుంది, మింగితే పేగులో ఉండ కడుతుంది. లేత కొబ్బరి ముక్క గోరంత పెడితే ఏం కాదు. డొక్క మాత్రం దూరంగా పెట్టండి.

పచ్చి మాంసం ఎందుకు వద్దంటున్నానో

పచ్చిదే సహజం అన్న ఈ వాదనకు బాగా ప్రచారం తెచ్చింది ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్, 1993 నుంచి. అమెరికా పశువైద్య సంఘం 2012లో పచ్చి మాంసం పెట్టడం మంచిది కాదని తేల్చి చెప్పింది. ఎవరు చెప్పారన్నది అలా ఉంచి, మన ఊరి చికెన్ కొట్టు సంగతి చూడండి. ఒకటే మొద్దు, ఒకటే కత్తి, ఎండలో గంటలు. అక్కడి మాంసం మీద సాల్మొనెల్లా, ఈ కోలి లాంటివి లేకపోతేనే ఆశ్చర్యం. మనం ఉడికించి తింటాం కాబట్టి బతికిపోతున్నాం. కుక్క వాటిని చాలాసార్లు అరిగించుకుంటుంది కూడా. కానీ తనకేం కాకపోయినా మలంలో రోజుల తరబడి ఆ క్రిములు వదులుతుంది, అదే మూతితో మీ పాపాయి బుగ్గ నాకుతుంది. ఇంట్లో చంటిపిల్లలు, ముసలివాళ్లు, కీమో చేయించుకుంటున్నవాళ్లు ఉంటే ఇక ఆలోచనే వద్దు. ఫ్రీజర్‌లో గడ్డ కట్టిస్తే క్రిములు చస్తాయనుకుంటారు కొందరు. చావవు, పడుకుంటాయంతే.

మనకి ఇంకో కారణం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు వైపు కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది మీకు గుర్తుండే ఉంటుంది. కుక్కలకు అది అంత తేలిగ్గా అంటదు. కానీ 2023లో కెనడాలో అడవి పెద్దబాతును కొరికిన పెంపుడు కుక్క ఒకటి ఆ వైరస్‌తోనే చనిపోయింది. పిల్లులకైతే ఇంకా ప్రమాదం. బాగా ఉడికిస్తే ఆ భయం లేదు. రెండు విజిల్స్‌తో పోయేదానికి ఇంత రిస్కు దేనికి?

చేపల గురించి అడగలేదు కానీ మన దగ్గర అడగకుండానే పెడతారు. చెరువు గట్ల మీద కాపలా కుక్కలకు చచ్చిన చేపే భోజనం. గండుచేప జాతి చేపల్లో కొన్నిటిని రోజూ పచ్చిగా పెడితే వాటిలోని ఒక ఎంజైమ్ బి1 విటమిన్‌ని విరిచేస్తుంది. ముందు తిండి మానేస్తుంది, తర్వాత తూలుతుంది, ఫిట్స్ దాకా వెళ్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. కాబట్టి ఉడికించి, ముళ్లు తీసి, మెత్తగా పిసికి పెట్టండి, చేప మంచి తిండే. రొయ్య తలలూ తొక్కలూ వద్దు. ఎండుచేపల్లో ఉప్పు చాలా ఎక్కువ, అవీ వద్దు.

అన్నం దోషం కాదు

మీ తమ్ముడికి ఇది చెప్పండి. 2013లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటాయి, కుక్కకు నాలుగు నుంచి ముప్పై దాకా. మనిషి వెంట వేల ఏళ్లు తిరుగుతూ గంజి తాగి, మెతుకులు తిని కుక్క అయింది అది. మన నూకల జావ దానికి అరగని తిండి కాదు. షాపులో కొనే సంచి ఫుడ్ కరకరలాడుతుంది కాబట్టి పళ్లు శుభ్రమవుతాయన్నది కూడా అంతే. జంతికలు తిని పళ్లు తోముకున్నట్టే అని మనమెవరైనా అనుకుంటామా? పళ్ల కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన కొన్ని ఫుడ్లు, నమిలే కర్రలు ఉన్నాయి, వాటి మీద వీఓహెచ్‌సీ ముద్ర ఉందేమో చూసుకోండి. 1997 నుంచి పశు దంతవైద్య నిపుణుల మండలి ఇస్తున్న ముద్ర అది. ముద్ర లేనివాటి అట్ట మీద ఏం రాసినా నేను పట్టించుకోను.

అయితే అన్నం దోషం కాదంటే అన్నం చాలు అని కాదు. మాంసం చాలు అని అసలే కాదు.

అమలాపురం దగ్గర కొత్తగా ఇల్లు కట్టుకున్న కుటుంబం ఒకటి, నాలుగు నెలల లాబ్రడార్ పిల్లను ఎత్తుకుని వచ్చారు. నడవలేకపోతోంది. ముందు కాళ్లు బయటికి వంగిపోయాయి, ముట్టుకుంటే కుయ్యిమంటోంది. "రోజూ బోన్‌లెస్ చికెనే డాక్టరుగారూ, అన్నం మెతుకు కూడా తగలనివ్వలేదు" అని గర్వంగా చెప్పారు. ఎక్స్‌రే తీస్తే ఎముకలు నీడల్లా పల్చగా ఉన్నాయి, ఒకచోట విరిగి కూడా ఉంది. మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు సున్నా. సుమారు ఒక పాలు కాల్షియానికి పదిహేను ఇరవై పాళ్లు భాస్వరం. కుక్కకు కావలసింది ఒకటికి ఒకటి, లేదా కాల్షియమే కాస్త ఎక్కువ. తక్కువైన కాల్షియాన్ని శరీరం ఎముకల్లోంచి తవ్వుకుంటుంది. దవడ ఎముక కూడా అందులోదే. అది మెత్తబడితే పళ్లు ఊగుతాయి. పళ్ల కోసమని ఉత్త మాంసానికి మార్చి, చివరికి ఆ పళ్లకే ఎసరు పెట్టుకోవడమన్నమాట. ఆ పిల్ల తిండి మార్చాక రెండు నెలలకు లేచి తిరిగింది, కాళ్ల వంకర మాత్రం పూర్తిగా పోలేదు.

పాయా సూప్ పోస్తే కాల్షియం వస్తుందంటారు. రాదు. ఎముకను ఎంతసేపు మరిగించినా నీళ్లలోకి దిగే కాల్షియం నామమాత్రమే.

మీ స్పిట్జ్‌కి రోజుకు 500 నుంచి 580 కేలరీలు సరిపోతాయి. ఫొటోలో నడుము కనిపించలేదు కాబట్టి 500తోనే మొదలుపెట్టండి. నేను చెప్పే కొలత, రెండు పూటలకీ కలిపి: ఉడికిన అన్నం 150 గ్రాములు, తోలు ఎముక తీసిన చికెన్ పచ్చిగా తూచి 150 గ్రాములు, ఒక కోడిగుడ్డు, గుమ్మడో సొరకాయో క్యారెట్టో ఓ గుప్పెడు, నూనె ఒక చెంచా. అన్నీ కలిపి ఉడికించేయొచ్చు. అయోడైజ్డ్ ఉప్పు చిటికెలో సగం. వారానికి మూడుసార్లు చికెన్ లివరు చిన్న ముక్క, బొటనవేలి కొసంత. లివరు ఎక్కువైతే విటమిన్ ఏ విషమవుతుంది, కార్జం చవకని రోజూ పెట్టేయకండి.

కాల్షియానికి గుడ్డు పెంకే చాలు, మన జిల్లాలో దానికి కరువా? పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో పిండిలా ఆడించి పల్చటి గుడ్డలో జల్లించండి. నాలుక మీద వేసుకుంటే గరుకు తగలకూడదు. ఒక చదును చెంచా పొడి అయిదు గ్రాములుంటుంది, అందులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం. మీ కుక్కకు రోజుకు చెంచాలో మూడో వంతు. ఇది ఎదిగిన కుక్కల లెక్క. పిల్లలకు, ముఖ్యంగా లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముకలు పాడవుతాయి కాబట్టి అవి పెరిగేదాకా మంచి కంపెనీ పప్పీ ఫుడ్డే పెట్టమంటాను. కిడ్నీ జబ్బున్న కుక్కకైతే ఈ కొలతలేవీ వర్తించవు.

ఇంత చెప్పినా ఈ వంటలో జింకు, విటమిన్ డి, ఇ తక్కువే పడతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 ఇంటి వంటకాలను 2013లో లెక్కగట్టి చూస్తే 95 శాతం వాటిలో కనీసం ఒక్క పోషకమైనా తక్కువ పడింది. వాటిలో డాక్టర్లు రాసినవీ ఉన్నాయి, కాబట్టి నా కొలతనూ వేదంలా తీసుకోకండి. కుక్కలకే చేసిన విటమిన్, మినరల్ పొడి ఒకటి మీ డాక్టరుని అడిగి రోజూ కలపండి. అంత ఓపిక లేదంటే సంచి ఫుడ్ పెట్టుకోండి, నామోషీ ఏం లేదు. ఈ ఉక్క వాతావరణంలో సంచి తెరిచాక గట్టి మూత డబ్బాలో పోసుకోండి చాలు, బూజు వాసన వస్తే పారేయండి.

కూర పులుసు ఎందుకు వద్దన్నానో చెప్పలేదు కదూ. ఉల్లిపాయ, వెల్లుల్లి. ఇవి కుక్క ఎర్ర రక్తకణాలను చితగ్గొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు రక్తంలో తేడా కనిపించడానికి. ఒక్కరోజులో అంత తినకపోవచ్చు, రోజూ కొంచెం కొంచెం తిన్నా దెబ్బే. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. పాయసంలో కిస్మిస్ కిడ్నీలకు విషం. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అయితే గంటలోపే షుగర్ పడగొట్టేస్తుంది.

మత్తు భయం

మీ భయం తప్పు కాదు. కాకపోతే భయపడాల్సింది మత్తుకి కాదు, పరీక్షలు చేయకుండా ఇచ్చే మత్తుకి. ముందు రక్తపరీక్ష: కిడ్నీ, లివరు, ప్లేట్‌లెట్లు. ప్లేట్‌లెట్లు ఎందుకంటే మన తేమకి గోమార్లు ఏడాది పొడుగునా ఉంటాయి, వాటి వెంట ఎర్లిచియా అనే జ్వరం. అందులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని పళ్లు చూపించడానికి తెచ్చిన కుక్కల్లో అసలు జబ్బు పళ్లలో లేకుండా చెవి మడతలో దొరికిన సందర్భాలు నాకు బోలెడు. వాటికి అలాగే క్లీనింగ్ చేసి ఉంటే రక్తం ఆగేది కాదు. మీది కూడా ముందు చెవుల వెనక, వేళ్ల మధ్య వెతికి చూడండి. నోటి కంపు అమ్మోనియా వాసనలా ఉండి, నీళ్లు ఎక్కువ తాగుతుంటే అది కిడ్నీ కావచ్చు. వరిచేల ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బు కూడా కిడ్నీ మీదికే వెళ్తుంది.

డాక్టర్ని రెండే అడగండి: గొంతులో ట్యూబు వేసి చేస్తారా, తర్వాత పాలిష్ చేస్తారా? ట్యూబు లేకపోతే గార ముక్కలు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం. పాలిష్ లేకపోతే గీతలు పడిన పంటి మీద పాచి ఇంకా తొందరగా పడుతుంది. రెండింటికీ అవునంటేనే ఒప్పుకోండి. దగ్గర్లో లేకపోతే విజయవాడో విశాఖో వెళ్లినా పర్లేదు, ఇది రేపటికి రేపు చేయాల్సిన పని కాదు. ఊగే పన్ను ఉంచమని మాత్రం బతిమాలకండి. పీకేసిన నాలుగో రోజుకి కుక్క హుషారు చూసి యజమానులే ఆశ్చర్యపోతారు. పళ్లు లేని కుక్క కూడా మెత్తటి అన్నం శుభ్రంగా తింటుంది.

తర్వాత రోజూ చేయాల్సింది

నా దగ్గరున్న నాటు కుక్కకు నేనూ చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను, అప్పటికే మూడు పళ్లు పోయాయి. పద్ధతి ఇది. మొదటి వారం బ్రష్ వద్దు. చికెన్ ఉడికించిన నీళ్లు, ఉప్పూ ఉల్లీ లేనివి, గిన్నెలో చల్లార్చుకోండి. పాత నూలు పంచె ముక్క చూపుడువేలికి చుట్టి అందులో ముంచండి. కుక్కను మీ మోకాళ్ల మధ్య వీపు మీ వైపుకి ఉండేలా కూర్చోబెట్టండి. నోరు తెరవక్కర్లేదు. బొటనవేలితో పెదవి మూల పైకి లేపి, గుడ్డ వేలు లోపలికి జార్చి వెనక పెద్ద పన్ను మీద నాలుగుసార్లు రుద్దండి, వదిలేయండి. దానికి చికెన్ రుచే గుర్తుండాలి, మీరు పట్టుకున్నది కాదు. రెండో వారం కోరపళ్లు కూడా. మూడో వారం చంటిపిల్లల మెత్తటి బ్రష్, కొంచెం వాలుగా పట్టి చిగురు అంచున. పళ్ల బయటి వైపు చాలు, లోపలి వైపు చాలామటుకు నాలుకే చూసుకుంటుంది. మొత్తం నిమిషం పని. ఒకరోజు తప్పితే ఫర్వాలేదు, మూడు రోజులు తప్పితే గార మొదలైనట్టే.

పేస్టు కుక్కలదే వాడండి. మన పేస్టు ఉమ్మడం దానికి రాదు, ఫ్లోరైడూ నురగా అన్నీ పొట్టలోకే. ఉప్పు, బొగ్గు, పళ్లపొడి పన్ను మీది మెరుపు పొరను గీకేస్తాయి. వేప పుల్ల మనకి మంచిదే, కుక్క మాత్రం పుల్లనే నమిలి మింగుతుంది. పేస్టు దొరకకపోతే ఉత్త చికెన్ నీళ్లతోనే రుద్దండి, పని చేసేది రాపిడి కానీ పేస్టు కాదు. క్లీనింగ్ జరిగిన వారం మాత్రం చిగుళ్లు పచ్చిగా ఉంటాయి, మీ డాక్టరు చెప్పేదాకా ఆగండి.

కొత్త తిండికి మార్చడం ఒక్కసారిగా వద్దు. పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారం పది రోజులు తీసుకోండి, లేకపోతే విరేచనాలు పట్టుకుని నింద ఇంటి వంట మీదికి వస్తుంది.

ఇక పెరుగన్నం. మీ అత్తగారిని ఆపమనకండి. పైన చెప్పిన అన్నంలోంచే రెండు గరిటెలు తీసి, ఉప్పు వేయని పెరుగు కలిపి పొద్దున పూట ఆవిడ చేత్తోనే పెట్టించండి, తాలింపు, ఊరగాయ తగలకుండా. పొద్దున్నే ఆవిడ కోసం గేటు దగ్గర కాచుకుని కూర్చుంటుందని రాశారు కదా, ఆ పెరుగన్నం అవగానే గుడ్డ వేలు పని కూడా ఆవిడకే అప్పజెప్పండి. మీకంటే ఆవిడకే తొందరగా నోరందిస్తుంది.